పసుపు పట్టీ ఏమైంది?

ఒకే ప్రోగ్రాం, ఒకే ఫైలు. పాత కంప్యూటర్లో తెరిస్తే లెక్కల పట్టిక నెత్తిన పసుపు పట్టీ, దాని మీద ఎర్రటి అక్షరాలు: రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, తరుగు, రేటు, హమాలీ, కమీషన్, మొత్తం. అదే ఫైలును పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి కొత్త కంప్యూటర్లో తెరిస్తే పసుపూ లేదు, ఎరుపూ లేదు. తెల్లటి వరస మీద నల్లటి అక్షరాలు. కింద లెక్కలు మాత్రం పైసా తేడా లేకుండా సరిపోతున్నాయి.

యలమంచిలిలో ధాన్యం, బెల్లం వ్యాపారం చేసే ఒక కమీషన్ దుకాణంలో ఎదురైన చిక్కు ఇది. రాంబిల్లి, ఎస్.రాయవరం, కోటవురట్ల, మాకవరపాలెం రైతుల పేర్లు ఆ పట్టికలో ఏళ్ల తరబడి పేరుకున్నాయి. యజమానికి ఇది అలంకారం గొడవ కాదు. కొత్త ఆవర్జా తెరిచిన రోజున మొదటి పేజీకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టడం వాళ్ల నాన్నగారి నాటి అలవాటు. 2006లో కాగితం పుస్తకం వదిలి కంప్యూటర్‌కి మారినప్పుడు, ప్రోగ్రాం రాసిన కుర్రాణ్ని యజమాని పట్టుబట్టి అడిగిన కోరిక అదొక్కటే. పైన పసుపు ఉండాలి, దాని మీద ఎరుపు ఉండాలి. ఆ కుర్రాడు అలాగే చేసిచ్చి ఉద్యోగం చూసుకుని ఊరు దాటిపోయాడు. జీఎస్టీ వచ్చాక పాత యంత్రంతో పని జరగదని ఆడిటరు చెబితే కొత్తది కొన్నారు. మొదటి రోజే పసుపు మాయమైంది.

"అన్నీ బాగానే ఉన్నాయండి, హెడ్డింగే పాలిపోనాది" అన్నారు గుమస్తాగారు. చిన్న మాటే గానీ, కేసులో మొదటి వాంగ్మూలం అదే. పాలిపోయింది హెడ్డింగు ఒక్కటే.

అనుమానితులు నలుగురు. కాపీ చేయడంలో ఏదో పోయిందని మెకానిక్ అన్నాడు. వీడియో డ్రైవరు సరిగ్గా పడలేదని ఇంకొకరు అన్నారు. విండోస్ 10 పాత ప్రోగ్రాములను సరిగ్గా నడపదని మూడో మాట. తెలుగు ఫాంటులోనే ఏదో ఉందని నాలుగో మాట. నలుగురినీ వరసగా నిలబెట్టి అడగాల్సిందే.

ఆజ్ఞ ఉంది, అమలు లేదు

ప్రోగ్రాం రాసిన కుర్రాడు మంచి పని ఒకటి చేశాడు. అసలు కోడును ఒక సీడీలో పెట్టి దుకాణంలోనే వదిలి వెళ్లాడు. అది విజువల్ స్టూడియో 2005లో, డాట్‌నెట్ 2.0 మీద రాసిన విండోస్ ఫారమ్స్ ప్రోగ్రాం. కొత్త కంప్యూటర్లో మొదటిసారి తెరిచినప్పుడు డాట్‌నెట్ 3.5 దించుకోవాలని విండోస్ 10 అడగడానికి కారణం కూడా అదే. ఆ పాత 2.0 ఇప్పుడు 3.5 పొట్లంలోనే వస్తుంది.

పట్టికకు వాడింది డేటాగ్రిడ్‌వ్యూ అనే పరికరం. అంతకు ముందున్న డేటాగ్రిడ్ స్థానంలో 2005 చివర్లో డాట్‌నెట్ 2.0తో పాటు వచ్చింది. దానిలో హెడ్డింగు రూపం చెప్పడానికి ఒక ప్రత్యేకమైన చోటుంది: కాలమ్ హెడర్స్ డిఫాల్ట్ సెల్ స్టైల్. అక్కడ చూస్తే నేపథ్యం పసుపు, అక్షరం ఎరుపు, ఫాంటు గౌతమి, లావు అక్షరాలు అని శుభ్రంగా రాసి ఉంది. కాబట్టి కాపీలో పోయిందేమీ లేదు. ఆజ్ఞ ఉంది, అమలు కావడం లేదు.

ఇక్కడ అనుభవం ఉన్న ప్రోగ్రామరుకు ఒక సందేహం వస్తుంది. డేటాగ్రిడ్‌వ్యూలో రూపం గురించిన ఆజ్ఞలకు పెద్దా చిన్నా ఉంటుంది. అన్ని హెడ్డింగులకూ కలిపి చెప్పింది ఒకటి, ఫలానా కాలమ్ హెడ్డింగుకు విడిగా చెప్పింది ఇంకొకటి. రెండూ ఢీకొంటే విడిగా చెప్పినదే నెగ్గుతుంది. ఎక్కడో ఒక చోట తెలుపు అని విడిగా రాసి, అది పసుపును కొట్టేసిందేమో? కోడంతా గాలిస్తే అలాంటిది లేదు. సరే, మనమే ‘మొత్తం’ కాలమ్‌కి విడిగా పసుపు చెప్పి చూద్దామని చూస్తే, అదీ తెల్లగానే ఉంది. అంటే ఈ తగాదా రెండు ఆజ్ఞల మధ్య కాదు. ఆజ్ఞలన్నిటినీ పక్కన పెట్టేస్తున్న మూడో చెయ్యి ఏదో ఉంది.

సగం విన్నది, సగం వినలేదు

కొత్త తెర మీద హెడ్డింగు పూర్తిగా మొండికేయలేదని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. అక్షరాలు లావుగానే ఉన్నాయి. అంకెల కాలమ్‌ల పేర్లు చెప్పినట్టే కుడివైపు సర్దుకుని ఉన్నాయి. ఫాంటు సైజు పెంచి నడిపితే అక్షరాలు పెరిగాయి కూడా. కాకపోతే పెరిగిన వెంటనే కింద వత్తులు తెగిపోయి ‘మొత్తం’ కాస్తా ‘మొతం’ అయింది. అది వేరే ముడి, దాని సంగతి తర్వాత.

ఇప్పటికి తేలింది ఇది. లావు, సైజు, సర్దుబాటు విన్న హెడ్డింగు రెండింటిని మాత్రం వినలేదు: నేపథ్యం రంగు, అక్షరం రంగు. పసుపు బదులు నీలం పెట్టినా, ఆకుపచ్చ పెట్టినా అంతే. ఆజ్ఞ హెడ్డింగు దాకా చేరుతోంది, అక్కడ ఎవరో దాన్ని చదివి రంగుల వరకు కొట్టేసి మిగతాది అమలు చేస్తున్నారు. గుడ్డిగా జరిగే పొరపాటు ఇంత పద్ధతిగా ఉండదు. ఇది ఎవరో తెలిసి పెట్టిన నియమం.

మరో చిన్న పరీక్షతో వీడియో డ్రైవరు కూడా నిర్దోషిగా బయటపడింది. పట్టికలో బేసి వరసలకు లేత గోధుమ రంగు పెట్టి ఉంది. అది కొత్త తెర మీద కూడా చక్కగా కనిపిస్తోంది. ఒకే పట్టికలో కింది గళ్లకు రంగు ఎక్కి, పైవాటికి ఎక్కలేదంటే తప్పు తెరదీ కాదు, డ్రైవరుదీ కాదు.

పాత యంత్రం చెప్పిన సాక్ష్యం

మిగిలిన పెద్ద అనుమానితుడు విండోస్ 10. అందరి వేలూ దానివైపే. అయితే సాక్షి ఇంకా బతికే ఉంది. పాత కంప్యూటర్‌ను అటక మీదకు ఎక్కించారు గానీ అమ్మేయలేదు. దించి, దుమ్ము దులిపి ఆన్ చేస్తే విండోస్ ఎక్స్‌పీ లేచింది.

ఎక్స్‌పీ అనగానే గుర్తొచ్చేది పచ్చటి స్టార్ట్ బటన్, నీలం టాస్క్‌బారు. ఈ యంత్రంలో అవి లేవు. బూడిద రంగు చదరం స్టార్ట్ బటన్, బూడిద రంగు పట్టీ. అంటే ఎక్స్‌పీని ‘విండోస్ క్లాసిక్’ వేషంలో వాడుతున్నారన్నమాట. మెమరీ తక్కువున్న యంత్రాలు కొంచెం చురుగ్గా కదులుతాయని ఆ రోజుల్లో నెట్ సెంటర్లలో, దుకాణాల్లో చాలామంది అలాగే పెట్టుకునేవారు.

పరీక్ష ఇప్పుడు తేలిక. డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో క్లాసిక్ తీసేసి ఎక్స్‌పీ సొంత వేషం పెట్టి, ప్రోగ్రామును మళ్లీ తెరవడమే. తెరిస్తే ఆ పాత యంత్రంలోనే, ఆ పాత ఎక్స్‌పీలోనే పసుపు పట్టీ మాయమైంది! క్లాసిక్‌కి తిరిగి మారిస్తే మళ్లీ వచ్చింది.

కేసు ఇక్కడ తిరగబడింది. విండోస్ 10 దోషి కాదు. ఆ పసుపు 2006లో కూడా అందరి దగ్గరా కనిపించేది కాదు. ఆ దుకాణం క్లాసిక్ వేషం వాడుతోంది కాబట్టే కనిపించింది. రాసిన కుర్రాడి కంప్యూటర్ కూడా క్లాసిక్‌లోనే ఉండి ఉండాలి, లేకపోతే తను చేసిన పసుపు తనకే కనిపించేది కాదు.

ఒక్క వరస తీసేస్తే

దోషి వేషానికి, అంటే విజువల్ థీమ్‌కి సంబంధించినవాడని తేలాక కోడులో చూడాల్సిన చోటు ఒకటుంది. విజువల్ స్టూడియో 2005లో కొత్త సీ షార్ప్ ప్రోగ్రాం మొదలుపెడితే మనం అడగకుండానే అది ఒక వరస రాసి పెడుతుంది: అప్లికేషన్ డాట్ ఎనేబుల్ విజువల్ స్టైల్స్. నా బొత్తాలు, నా పెట్టెలు విండోస్ థీమ్‌లోనే గీయండి అని విండోస్‌కు పెట్టుకునే దరఖాస్తు అది.

ఆ వరసను తీసేసి కొత్త కంప్యూటర్లో నడిపితే పసుపు వచ్చింది, ఎరుపూ వచ్చింది. కానీ ‘భద్రపరచు’, ‘బిల్లు తీయి’ బొత్తాలు ఇరవై ఏళ్లు వెనక్కి పోయి మొద్దు బూడిద పెట్టెల్లా తయారయ్యాయి. రోగం తగ్గింది గానీ మందు ఒళ్లంతా పొక్కించింది. అసలు కీలు ఇంకా చిన్నది, ఇంకా దగ్గరగా ఎక్కడో ఉంది.

హెడ్డింగు ఒక బొత్తం

దాన్ని వెతికే ముందు, ఇంతకీ థీమ్‌కు హెడ్డింగుతో ఏం పని అన్నది తేల్చుకోవాలి. కాగితం ఆవర్జాలో హెడ్డింగు అంటే కాలమ్ పేరు. రాస్తే చాలు, దానికి వేరే పని ఉండదు. విండోస్‌లో అలా కాదు. హెడ్డింగు మీద నొక్కితే పట్టిక ఆ వరుసక్రమంలోకి మారుతుంది. అంచు పట్టుకుని లాగితే వెడల్పు మారుతుంది. మామూలు కళ్లకు పేర్ల వరసలా కనిపించేది నిజానికి బొత్తాల వరస.

విండోస్ 95 నాటి నుంచీ ఫైళ్ల జాబితా నెత్తిన కనిపించే హెడ్డింగు, కింద జాబితాలో భాగం కూడా కాదు. అది దానికదే ఒక కిటికీ, విండోస్ లోపలి లెక్కల్లో దానికి విడిగా పేరుంది. దానికి రంగు మార్చే సులువైన ఆజ్ఞ అసలే లేదు. అప్పట్లో అది బొత్తాల రంగులోనే కనిపించేది. డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో వాడుకరి ఏ రంగు ఎంచుకుంటే బొత్తాలకూ, దానికీ అదే.

2001 అక్టోబరులో ఎక్స్‌పీ వచ్చేసరికి ఈ ఏర్పాటు మారింది. అంతవరకు బొత్తం అంటే ఒక రంగు, నాలుగు గీతలు. ఎక్స్‌పీలో బొత్తం అంటే ఒక బొమ్మ. లూనా అనే థీమ్ ఫైల్లో నీలం, ఆలివ్ ఆకుపచ్చ, వెండి అని మూడు రంగుల సెట్లు ఉండేవి. హెడ్డింగుకు కూడా మామూలుగా ఉన్నప్పుడు ఒక బొమ్మ, మౌస్ మీదకొస్తే ఇంకొకటి, నొక్కితే మరొకటి ముందే సిద్ధం చేసి పెట్టారు. ప్రోగ్రాం "నా నేపథ్యం పసుపు" అంటే, రంగు పూయడానికి అక్కడ ఖాళీ గోడ లేదు. యలమంచిలి పక్కనే ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మను తరిమెన మీద తిప్పుతూనే దానికి లక్క రంగు ఎక్కించేస్తారు. తయారైన బొమ్మ మీద పైనుంచి బ్రష్షుతో వేరే రంగు పూస్తామంటే అది పట్టదు. ఎక్స్‌పీ హెడ్డింగు అలాంటిదే.

అందువల్లే రంగులు రెండూ పోయి, లావూ సైజూ మిగిలాయి. బొమ్మ తన నేపథ్యాన్ని, దానికి నప్పే అక్షరం రంగును వెంట తెచ్చుకుంటుంది. దాని మీద ఏ ఫాంటులో రాయాలన్నది మాత్రం ప్రోగ్రాముకే వదిలేస్తుంది.

దొరికిన కీలు

డేటాగ్రిడ్‌వ్యూ ప్రాపర్టీల జాబితాను పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తే, ఎవరూ ముట్టుకోని ఒక పేరు తగులుతుంది: ఎనేబుల్ హెడర్స్ విజువల్ స్టైల్స్. పుట్టుకతోనే దాని విలువ ‘అవును’. దాన్ని ‘కాదు’ అని మార్చి మళ్లీ కట్టి నడిపితే పసుపు పట్టీ, ఎర్రటి అక్షరాలు తిరిగొచ్చాయి. బొత్తాలు ఎప్పటిలా విండోస్ 10 తీరులోనే ఉన్నాయి. ఇన్నాళ్ల చిక్కుకు విరుగుడు ఒక్క వరస.

ఇది కాకతాళీయం కాదని రుజువు చేసే పత్రం కూడా బహిరంగంగానే ఉంది. డాట్‌నెట్ లోపలి కోడును మైక్రోసాఫ్ట్ 2008లో చదువుకోవడానికి వీలుగా బయటపెట్టింది. 2018 డిసెంబరులో విండోస్ ఫారమ్స్ మొత్తాన్నీ ఓపెన్ సోర్స్ చేసింది. కాలమ్ హెడ్డింగును గీసే భాగం తీసి చదివితే నియమం కళ్లెదుటే కనిపిస్తుంది. అది ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటుంది: ఈ ప్రోగ్రాం ఇప్పుడు థీమ్‌తో నడుస్తోందా? హెడ్డింగులకు థీమ్ వాడాలని ఉందా? రెండింటికీ జవాబు ‘అవును’ అయితే నేపథ్యాన్ని థీమ్ చేత గీయిస్తుంది, అక్షరం రంగునూ థీమ్‌నే అడిగి తెచ్చుకుంటుంది. ఏ ఒక్కదానికి ‘కాదు’ అని వచ్చినా మనం చెప్పిన రంగుల దగ్గరికి వస్తుంది. ఫాంటును మాత్రం రెండు దారుల్లోనూ మనం చెప్పిన చోటునుంచే తీసుకుంటుంది.

ఆధారాలన్నీ ఇప్పుడు వరసలో కూర్చున్నాయి. క్లాసిక్ వేషంలో మొదటి ప్రశ్నకు జవాబు ‘కాదు’, అందుకే పసుపు కనిపించింది. దరఖాస్తు వరస తీసేసినప్పుడూ మొదటి ప్రశ్నకే ‘కాదు’ వచ్చింది, అందుకే పసుపుతో పాటు బొత్తాలూ పాతబడ్డాయి. కొత్త కీలు రెండో ప్రశ్నకు మాత్రమే ‘కాదు’ అంటుంది, అందుకే హెడ్డింగు ఒక్కటే మారింది.

ఇంతకాలం బయటపడని ముడి ఇప్పుడెందుకు బయటపడిందన్నదానికీ జవాబుంది. ఎక్స్‌పీలోనూ, విస్టాలోనూ, విండోస్ 7లోనూ క్లాసిక్ వేషం ఉంది. 2012 అక్టోబరులో విండోస్ 8తో దాన్ని తీసేశారు. పాత ప్రోగ్రాములు తప్పించుకునే దొడ్డిదారి అప్పుడే మూసుకుపోయింది. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయాక కూడా ఇలాంటి దుకాణాలు పాత యంత్రాలతోనే నెట్టుకొచ్చాయి. అలా ఎక్స్‌పీ క్లాసిక్ నుంచి నేరుగా విండోస్ 10కి దూకినవాళ్లకే ఈ మార్పు రాత్రికి రాత్రి జరిగినట్టు అనిపించింది. పైగా విండోస్ 10 థీమ్‌లో హెడ్డింగు బొమ్మ దాదాపు తెల్ల కాగితమే. కింది వరసలకూ దానికీ తేడా తెలియదు కాబట్టి లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది.

తెగిన వత్తులు

రంగు కేసు ముగిసింది. వత్తులు తెగిన సంగతి మిగిలింది. నాలుగో అనుమానితుడైన ఫాంటును ఇప్పుడు పిలవాలి.

గౌతమి ఫాంటు ఎక్స్‌పీతో పాటు వచ్చింది. విండోస్‌లో యూనికోడ్ తెలుగు నిలదొక్కుకున్నదీ దాంతోనే. ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనపడాలంటే రీజినల్ సెట్టింగుల్లోకి వెళ్లి, సీడీ పెట్టి, సంక్లిష్ట లిపుల ఫైళ్లు విడిగా ఎక్కించుకోవాల్సి వచ్చేది. తర్వాత విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చాయి. విండోస్ 10కి వచ్చేసరికి గౌతమి, వాణి రెండూ మొదటి వరసలోంచి తప్పుకున్నాయి. సెట్టింగుల్లో తెలుగు భాషను చేర్చుకుంటేనో, ఐచ్ఛిక ఫీచర్లలో తెలుగు అదనపు ఫాంట్లను ఎంచుకుంటేనో తప్ప దిగవు. దుకాణంలో కొత్త కంప్యూటర్‌ను ఎవరూ తెలుగుకు సిద్ధం చేయలేదు. ప్రోగ్రాం గౌతమి అని పిలిస్తే పలికేవాళ్లు లేక, విండోస్ వేరే ఫాంటుతో సర్దేసింది. అక్షరాల తీరు కొంచెం మారినట్టుందని గుమస్తాగారికి తర్వాత వచ్చిన అనుమానం నిజమే. తెలుగు భాషను చేర్చాక గౌతమి తిరిగొచ్చింది.

అయినా సైజు పెంచితే వత్తులు తెగడం ఆగలేదు. దానికి కారణం ఫాంటు కాదు, ఎత్తు. డేటాగ్రిడ్‌వ్యూ హెడ్డింగు వరసకు పుట్టుకతో ఉండే ఎత్తు 23 పిక్సెళ్లు. ఈ ప్రోగ్రాంలో ఆ ఎత్తును అక్కడే బిగించేశారు. 23 పిక్సెళ్లు ఇంగ్లిషు అక్షరాలకు ధారాళంగా సరిపోతాయి. తెలుగు అక్షరం కిందా పైనా చోటు అడుగుతుంది. పైన గుడి, తలకట్టు, కింద వత్తు. చోటు చాలకపోతే ముందు తెగేది వత్తే. అప్పుడు ‘చెల్లింపు’ ‘చెలింపు’ అవుతుంది, ‘వడ్డీ’ ‘వడీ’ అవుతుంది, ‘పద్దు’ ‘పదు’ అవుతుంది. లెక్కల పుస్తకంలో ఇవి నవ్వుకుని వదిలేసే తప్పులు కావు. హెడ్డింగు ఎత్తు సర్దుబాటు విధానాన్ని ఆటోసైజ్‌కి మారిస్తే వరస తనంతట తానే ఎత్తు పెరిగింది, వత్తులన్నీ దిగాయి.

ఇదే కథ, వేరే వేషాలు

ఈ ముడి ఒక్క మైక్రోసాఫ్ట్ ఇంటిదే అనుకుంటే పొరపాటు. జావాలో పట్టికలు చూపించే జేటేబుల్ 1998 నుంచీ ఉంది. దాంట్లోనూ హెడ్డింగు విడి వస్తువే. పట్టికను స్క్రోల్ పేన్‌లో పెట్టకపోతే హెడ్డింగు కనపడనే కనపడదు. జావా సొంత మెటల్ వేషంలో హెడ్డింగు నేపథ్యం రంగు చెబితే వింటుంది, విండోస్ వేషం తొడిగితే థీమే గీస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఎక్కువగా వాడే క్యూటీ సంగతీ అంతే. విండోస్ విస్టా, మ్యాక్ శైలులు స్థానిక థీమ్ యంత్రాన్ని వాడతాయి కాబట్టి మనం చెప్పిన రంగుల పలకను అన్నిచోట్లా పాటించకపోవచ్చని క్యూటీ పత్రాల్లోనే రాసి ఉంది. అక్కడ హెడ్డింగు విభాగానికి స్టైల్‌షీట్ రాస్తే గీసే పని థీమ్ చేతుల్లోంచి మనకు వస్తుంది. విండోస్ ఫారమ్స్‌లోని లిస్ట్‌వ్యూకైతే ఇంత చిన్న కీలు కూడా లేదు. ఓనర్‌డ్రా ఆన్ చేసి, ప్రతి హెడ్డింగునూ మన కోడుతో మనమే గీసుకోవాలి.

తెలుగు నాట ఇదే చిక్కుకు ఇంకా పాత రూపం ఒకటుంది. అను వంటి పాతతరం ఫాంట్లతో రాసిన ప్రోగ్రాములు ప్రెస్సుల్లో, చిట్‌ఫండ్ ఆఫీసుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో గళ్లన్నీ చక్కటి తెలుగులో ఉంటాయి, హెడ్డింగులు మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి. కారణం వెతకడం కష్టం కాదు. ఆ ఫాంట్లలో తెలుగు తెలుగుగా నిల్వ ఉండదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చి ఉంటాయి. ప్రోగ్రామరు గళ్లకు ఆ ఫాంటు చెప్పి హెడ్డింగులకు చెప్పడం మరిచిపోతే, లోపలున్న ఇంగ్లిషు బయటపడిపోతుంది. గళ్ల శైలి హెడ్డింగులకు వర్తించదు, రెండింటికీ విడివిడిగా చెప్పాలి.

ఫాంటు సరిచేసి గజిబిజి పోగొట్టినా రోగం పూర్తిగా నయం కాదని ఒక్క నొక్కుతో తెలుస్తుంది. ‘పేరు’ హెడ్డింగు మీద నొక్కండి. అప్పారావు, ఆదినారాయణ, ఈశ్వరరావు వరసలో రావాలి. రారు. ఆ యంత్రానికి తెలిసింది తెలుగు వర్ణమాల కాదు, ఇంగ్లిషు సంకేతాల క్రమం. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 స్థానాల సొంత ఇల్లుంది. పేర్లు అక్కడికి మారితేనే హెడ్డింగు బొత్తంగా తన పని తాను చేయగలుగుతుంది.

తీర్పు

దుకాణం కోడులో చివరికి మార్చింది మూడే: హెడ్డింగు థీమ్ కీలు, ఎత్తు విధానం, ఎరుపు ఛాయ. మూడోది ఎందుకంటే, పసుపు తిరిగొచ్చాక ఇంకో లోపం కంటబడింది. నిండు పసుపు మీద నిండు ఎరుపుకు వెలుగు తేడా సుమారు 3.7కు 1. మామూలు సైజు అక్షరాలు సులువుగా చదవాలంటే కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. ఎరుపును ముదురు కుంకుమ రంగుకు దించితే ఆ తేడా 10 దాటుతుంది. యజమాని కోరికా తీరింది, గుమస్తాగారి కళ్లూ తేలికపడ్డాయి.

థీమ్ కీలు ఆపితే పోయేవి కూడా ఉన్నాయి. మౌస్ మీదకు వెళ్లినప్పుడు హెడ్డింగు మెరవదు, అది బొత్తమన్న సూచన తగ్గుతుంది. చూపు మందగించినవారు వాడే హై కాంట్రాస్ట్ వేషంలో మన పసుపు వాళ్లకు అడ్డం రావచ్చు. ఆ వేషం ఆన్‌లో ఉందో లేదో ప్రోగ్రాం ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఉంటే రంగులను వాళ్లకే వదిలేయడం మర్యాద.

ఊళ్లలో దుకాణాలకు, సొసైటీలకు ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లకు చెప్పేది ఇది. తెర మీద ఏదైనా మీ మాట వినకపోతే, అదే మాట ఇంకా గట్టిగా ఇంకో పది చోట్ల రాయకండి. దాన్ని గీస్తున్నది ఎవరో ముందు తెలుసుకోండి. మీరు రాసినదాన్ని మీ కంప్యూటర్ వేషంలోనే కాక వాడేవాళ్ల వేషంలోనూ ఒకసారి తెరిచి చూడండి. తెలుగు హెడ్డింగులను యూనికోడ్‌లో రాయండి, వరస ఎత్తును బిగించేయకండి, పరీక్షకు ‘పేరు’ అని కాకుండా ‘చెల్లింపు’ అని పెట్టి చూడండి. కోడును ఒక కాపీ తీసి దుకాణంలోనే ఉంచి వెళ్లండి. ఈ కేసు తేలింది ఆ సీడీ ఉండబట్టే.